అవే ఇళ్ళకి మళ్ళీ వెళ్ళే సర్వే: చిత్తూరు పల్లెల్లో ప్యానెల్ ఎలా నడపాలి

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో పాడి మీద బతికే ఇళ్ళ పరిస్థితి ఎలా మారుతోందో మీరు తెలుసుకోవాలనుకున్నారనుకుందాం. ఈ ఏడాది 400 ఇళ్ళు తిరిగి అడిగారు. సగం ఇళ్ళలో ఆవులున్నాయి. రెండేళ్ళ తర్వాత వేరే 400 ఇళ్ళు అడిగారు. మళ్ళీ సగమే. "పెద్దగా మార్పు లేదు" అని రిపోర్టు రాస్తారు. మొదట అడిగిన ఇళ్ళకే మళ్ళీ వెళ్ళి ఉంటే, ఆవులున్న 200 ఇళ్ళలో 60 ఇళ్ళ వాళ్ళు అమ్మేసుకున్నారని, లేని 200 ఇళ్ళలో 60 ఇళ్ళ వాళ్ళు కొత్తగా కొన్నారని బయటపడవచ్చు. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి ఊహించినవే. మొత్తం కదల్లేదు గానీ లోపల 120 కుటుంబాల బతుకుదెరువు మారిపోయింది. అమ్ముకున్నది ఎవరు, ఎందుకు అమ్మారు, ఇప్పుడేం చేస్తున్నారు అన్నది అదే గడప రెండోసారి తొక్కితేనే తెలుస్తుంది.

ఒకే మనుషుల్ని, అవే ప్రశ్నలతో, కొన్నాళ్ళ తేడాతో మళ్ళీ మళ్ళీ అడిగే ఈ పద్ధతిని ప్యానెల్ సర్వే అంటారు. తిరుపతిలో పరిశోధన చేసే విద్యార్థులు, పల్లెల్లో పనిచేసే సంస్థల వాళ్ళు దీన్ని ఉత్సాహంగా మొదలుపెడతారు. మొదటి రౌండ్ బాగానే జరుగుతుంది. రెండో రౌండ్ దగ్గర కుంటుపడుతుంది, ఎందుకంటే దాని గురించి మొదటి రోజు ఎవరూ ఆలోచించి ఉండరు. కాబట్టి కింద చెప్పే ప్రతి పని దగ్గరా మీరు ఒక్క ప్రశ్న వేసుకోండి: మళ్ళీ వచ్చినప్పుడు ఈ ఇంటిని, ఈ మనిషిని, ఈ జవాబుని పట్టుకోవడానికి ఇది పనికొస్తుందా?

1. ప్యానెల్ నిజంగా కావాలా?

జిల్లాలో పాల దిగుబడి పెరిగిందా తగ్గిందా అన్నది మాత్రమే కావాలంటే ప్యానెల్ వద్దు. ప్రతిసారీ కొత్త శాంపిల్ (అడగడానికి ఎంచుకున్న ఇళ్ళు) తీసుకోండి. ఖర్చు తక్కువ, టెన్షన్ కూడా తక్కువ. "ఎవరికి ఏమైంది, దాని తర్వాత ఏమైంది" అనేది మీ ప్రశ్న అయితేనే ప్యానెల్‌కి దిగండి. కనీసం రెండు రౌండ్లకి సరిపడా డబ్బు ముందే చేతిలో ఉండాలి. రెండో రౌండ్‌కి ఎక్కడో ఒకచోట దొరుకుతుందిలే అనుకుని మొదలుపెట్టినవి చాలావరకు ఒకే రౌండ్‌తో ఆగిపోతాయి.

పెద్ద శాంపిల్ లేదని మాత్రం వెనకాడకండి. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ 1968లో దాదాపు 5,000 కుటుంబాలతో మొదలుపెట్టిన ఆదాయాల ప్యానెల్ ఇప్పటికీ నడుస్తోంది. మన వైపు మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మహబూబ్‌నగర్, షోలాపూర్, అకోలా జిల్లాల్లో ఆరు ఊళ్ళు తీసుకుని, ఊరికి 40 చొప్పున 240 కుటుంబాలతో మొదలుపెట్టింది. ఇన్వెస్టిగేటర్లు ఆ ఊళ్ళలోనే కాపురముండి లెక్కలు రాశారు. మెట్ట రైతు కష్టకాలాన్ని ఎలా గట్టెక్కుతాడన్న విషయంలో ప్రపంచమంతా ఆ 240 ఇళ్ళ లెక్కల్ని చదివింది. మన పక్కనే కడప, అనంతపురం జిల్లాలతో కలిపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైన యంగ్ లైవ్స్ సర్వే సుమారు 3,000 మంది పిల్లల్ని ఇరవై ఏళ్ళకి పైగా వెంబడించింది. 2020లో కరోనా వల్ల ఊళ్ళు తిరగలేని రోజుల్లో ఫోన్ మీదే రౌండ్లు నడపగలిగారంటే, అన్నేళ్ళుగా ఎవరెక్కడున్నారో రాసిపెట్టుకోవడం వల్లే.

2. ఎన్ని ఇళ్ళు, ఎన్ని ఊళ్ళు

చివరి రౌండ్‌కి మిగలాల్సిన సంఖ్య దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేయండి. మూడో రౌండ్‌కి 400 ఇళ్ళు కావాలి, ప్రతి రౌండ్‌కీ నూటికి 8 ఇళ్ళు జారిపోతాయని మీ అంచనా. 400ని 0.92తో రెండుసార్లు భాగిస్తే 473 వస్తుంది. అంటే మొదట్లోనే 480 దాకా తీసుకోవాలి. దేశవ్యాప్తంగా జరిగిన ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వేలో 2004-05లో అడిగిన 41,554 కుటుంబాల్లో నూటికి 83 కుటుంబాలు 2011-12లో మళ్ళీ దొరికాయి. అంత పెద్ద సర్వేకి అది మంచి ఫలితం. మీరు రెండు మూడు మండలాల్లో చేస్తున్నప్పుడు అంతకంటే తక్కువకి సర్దుకోకండి.

ఆ 480 ఇళ్ళు 24 ఊళ్ళలో ఊరికి 20 చొప్పునా, 48 ఊళ్ళలో ఊరికి 10 చొప్పునా? ఒకే ఊరి వాళ్ళకి అదే వాన, అదే బోరు లోతు, అదే పాల కేంద్రం. కాబట్టి వాళ్ళ జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఆ పోలికని కొలిచే అంకె (సున్నా అంటే పోలికే లేదు, 1 అంటే ఊరంతా ఒకే జవాబు) 0.05 అనుకుంటే, ఊరికి 20 ఇళ్ళు తీసుకున్నప్పుడు వేరియెన్స్, అంటే మీ అంచనా అటూ ఇటూ ఊగే కొలత, 1.95 రెట్లవుతుంది. ఊరికి 10 అయితే 1.45 రెట్లు. అవే 480 ఇళ్ళు మొదటి పద్ధతిలో 246 ఇళ్ళంత, రెండో పద్ధతిలో 331 ఇళ్ళంత సమాచారం ఇస్తాయి. డీజిల్ ఖర్చు పెరిగినా ఊళ్ళు ఎక్కువ పెట్టుకోవడమే మేలు.

ప్యానెల్‌కి ఇక్కడ ఒక లాభం కూడా ఉంది. మొదటి రౌండ్ జవాబుకీ రెండో రౌండ్ జవాబుకీ మధ్య సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి నడుస్తాయన్న కొలత, 1 అంటే పూర్తిగా) 0.7 ఉంటే, సగటు మార్పు అంచనాలో వేరియెన్స్ వేర్వేరు శాంపిళ్ళు తీసుకున్నప్పటితో పోలిస్తే 30 శాతమే ఉంటుంది. మార్పుని కొలవడానికి ఇంతకంటే పదునైన సాధనం దొరకదు.

ఇళ్ళ జాబితా కోసం ఓటర్ల లిస్టు మీద ఆధారపడకండి. బెంగళూరులో ఉంటున్న వాళ్ళ పేర్లు అందులో ఉంటాయి, నిన్న మొన్న కాపురానికొచ్చిన వాళ్ళవి ఉండవు. ఊరంతా తిరిగి ఇళ్ళ జాబితా మీరే రాసుకోండి. ఎస్సీ కాలనీ, ఊరికి దూరంగా తోటల్లో కట్టుకున్న ఇళ్ళు ఆ జాబితాలోకి వచ్చాయా అని స్వయంగా చూడండి.

3. ఎవరి వెంట పోవాలో ముందే రాసుకోండి

రెండేళ్ళలో అన్నదమ్ములు వేరుపడతారు. కూతురు పెళ్ళయి పలమనేరు నుంచి వేలూరు వెళ్తుంది. ఇంటి పెద్ద చనిపోతాడు. మీ ప్యానెల్‌లో ఉన్నది ఇల్లా, మనిషా? నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను: మనుషుల్నే వెంబడించండి. మొదటి రౌండ్‌లో ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక నంబర్ ఇవ్వండి. వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా నంబర్ అదే. అన్నదమ్ములు వేరు కాపురాలు పెడితే రెండు కొత్త ఇంటి నంబర్లు పుడతాయి, పాత ఇంటి నంబర్ ఇద్దరి పక్కనా రాసి ఉంటుంది. చనిపోయిన మనిషి నంబర్ ఇంకెవరికీ ఇవ్వకూడదు. కొత్త కోడలికి కొత్త నంబరే.

ఇల్లు అంటే ఏమిటో కూడా ఒక వాక్యంలో తేల్చండి. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు, గడిచిన 12 నెలల్లో కనీసం ఆరు నెలలు ఇక్కడున్న వాళ్ళు అని పెట్టుకున్నారనుకోండి. కుప్పం నుంచి రోజూ రైలెక్కి బెంగళూరుకి పనికి పోయి రాత్రికి వచ్చేవాడు ఇంటి మనిషే. అక్కడే గది తీసుకుని నెలకోసారి వచ్చేవాడు కాడు, కానీ పంపే డబ్బు లెక్కలో ఉంటాడు. ఇలాంటివి ఇన్వెస్టిగేటర్ వివేకానికి వదిలేస్తే ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, రెండో రౌండ్‌లో ఇంటి మనుషుల సంఖ్య ఉత్తినే మారిపోతుంది.

ఊళ్ళ నంబర్ల విషయంలోనూ అంతే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు శ్రీకాళహస్తి, సత్యవేడు, చంద్రగిరి ప్రాంతాలు చిత్తూరు జిల్లా నుంచి అందులోకి వెళ్ళాయి. మదనపల్లె, పీలేరు వైపు అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళాయి. 2021లో మొదటి రౌండ్ చేసి 2023లో రెండోది చేసినవాళ్ళు జిల్లా వారీగా పట్టిక వేస్తే, మనుషులు అక్కడే ఉన్నా "చిత్తూరు" వేరే చిత్తూరు అయిపోతుంది. మొదటి రౌండ్ నాటి జిల్లా, మండలం ఒక కాలమ్‌లో అలాగే ఉంచేసి, ఇప్పటివి ఇంకో కాలమ్‌లో రాయండి. రేపు మళ్ళీ మారినా మీ లెక్క చెదరదు.

4. ఏ నెలలో వెళ్ళాలి

ఏ నెలలో మొదటి రౌండ్ చేశారో అదే నెలలో మిగతావీ చేయండి. వేసవిలో మేత లేక పాలు తగ్గుతాయి, వానలు పడ్డాక పెరుగుతాయి. మొదటి రౌండ్ ఏప్రిల్‌లో, రెండోది నవంబర్‌లో చేస్తే మీకు కనిపించేది పచ్చగడ్డి చేసిన మార్పు.

మే నుంచి జూలై దాకా మామిడి కోతలు. తోటల రైతు దొరకడు, దొరికినా మనసు మండీ దగ్గరే ఉంటుంది. తిరుపతి టౌన్‌లో అయితే మేలో గంగజాతర రోజులు, సెప్టెంబర్-అక్టోబర్‌లో బ్రహ్మోత్సవాల రోజులు వదిలేయండి, చిరు వ్యాపారులకి తల తిప్పుకునే తీరిక ఉండదు. సంక్రాంతి సంగతి వేరు. బెంగళూరు, చెన్నై వెళ్ళినవాళ్ళంతా ఊరికొచ్చే రోజులవి. పూర్తి ఇంటర్వ్యూ అప్పుడు పెట్టుకోకండి గానీ, కనపడకుండా పోయినవాళ్ళ అడ్రసు, కొత్త ఫోన్ నంబర్ రాసుకోవడానికి అంతకంటే మంచి సమయం లేదు. ఊరి జాతర కూడా అలాంటిదే.

5. ప్రశ్నలు

ఇక్కడ కాస్త ఆగి పనిచేయండి, ఎందుకంటే మొదటి రౌండ్‌లో రాసిన ప్రశ్నతోనే మీరు ఏళ్ళ తరబడి కాపురం చేయాలి. రెండో రౌండ్‌లో ప్రశ్నని "కొంచెం బాగు చేస్తే" మారింది బతుకా, ప్రశ్నా అన్నది ఇక ఎవరూ చెప్పలేరు. కాబట్టి మొదటి రౌండ్‌కి ముందే, శాంపిల్‌లో లేని ఊళ్ళో రెండు మూడు దఫాలు ప్రయత్నించి చూసి, ఆ తర్వాత బిగించేయండి. తప్పనిసరిగా మార్చాల్సి వస్తే పాత ప్రశ్న, కొత్త ప్రశ్న రెండూ ఒక రౌండ్‌లో అడగండి.

పాల ఆదాయమే తీసుకుందాం. "నెలకి పాల మీద ఎంత వస్తుంది?" అని అడిగితే "ఏదో, పది వేలు" అంటారు. అది మర్యాదకి చెప్పే జవాబు. ఇలా అడిగి చూడండి: "అక్కా, నిన్న పొద్దున కేంద్రంలో ఎన్ని లీటర్లు పోశారు? సాయంత్రం? ఇంటికెంత ఉంచుకున్నారు? పోయిన బిల్లు ఎన్ని రోజులది? దాణాకి పట్టుకున్నది పోను చేతికెంత వచ్చింది?" చాలా ఇళ్ళలో పాల బిల్లు గూట్లోనో, దేవుడి పటం వెనకో ఉంటుంది. చూపించమని అడగండి. అందులో లీటర్లు, ఫ్యాట్, రేటు అన్నీ ఉంటాయి. చూసి రాశారా, విని రాశారా అన్నది పక్కన ఒక గడిలో గుర్తు పెట్టండి. రెండో రౌండ్‌లో ఆదాయం పడిపోయినట్టు కనపడితే మొట్టమొదట చూడాల్సింది ఆ గడినే.

"ఆవులున్నాయా?" అన్న ప్రశ్న కూడా అనుకున్నంత తేలిక కాదు. బంధువులు పెంచుకోమని ఇచ్చిన ఆవు లెక్కలోకి వస్తుందా? పెయ్యదూడ? వట్టిపోయిన ఆవు? ఒకసారి ఉందని, ఇంకోసారి లేదని రాస్తే ఆ ఇల్లు పాడి మానేసినట్టు తేలుతుంది. ఒక్కో పశువునీ విడివిడిగా రాయించండి: పాలిచ్చేది, చూడిది, వట్టిపోయింది, పెయ్య, ఎవరిది.

మాటలు ఊరి మాటలే కావాలి. ఉపాధి హామీ అంటే అర్థమయ్యే వాళ్ళున్నారు, కరువు పని అంటేనే తెలిసేవాళ్ళూ ఉన్నారు. వేరుశనగ అని రాసుకున్నా శెనక్కాయలు అని అడగండి. నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే ఇళ్ళు, కుప్పం వైపు కన్నడం, తమిళం మాట్లాడే ఇళ్ళు తగులుతాయి. ఆ భాషల్లోకి కూడా ప్రశ్నలు రాతపూర్వకంగా ఉండాలి. గుమ్మం దగ్గర అప్పటికప్పుడు నోటితో తర్జుమా చేస్తే ప్రతి ఇంటికీ ఒక కొత్త ప్రశ్న అవుతుంది.

ఎంత వెనక్కి అడగాలన్నది విషయాన్ని బట్టి ఉంటుంది. నిన్నటి పాలు, ఏడు రోజుల కూలి, నెల ఖర్చు, ఏడాదిలో అమ్మిన పశువు. పెద్ద సంఘటనలు గుర్తుంటాయి గానీ తేదీలు జరుగుతాయి, రెండేళ్ళ క్రితం అమ్మిన ఆవు పోయినేడాదే అమ్మినట్టు అనిపిస్తుంది. ధరల విషయంలో జ్ఞాపకం ఇంకా మోసం చేస్తుంది. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 అందేలా నిర్ణయం జరిగింది. ఇంకో రెండేళ్ళు పోయాక "ఆ ఏడు కిలో ఎంతకి పోయింది?" అని అడిగితే అందరి నోటా నానిన 12 అనే చెప్తారు, తమ చేతికి వచ్చింది ఎంతైనా సరే. ఆ ఏడాదే అడిగి రాసిపెట్టుకున్నవాడి దగ్గరే అసలు లెక్క ఉంటుంది.

6. ఆనవాలు కాగితం

మొత్తం సర్వేలో నేను అన్నిటికంటే విలువైనదిగా చూసేది ఈ ఒక్క పేజీ. ఇందులో ఉండాల్సినవి: ఇంటి పెద్ద అసలు పేరు, ఊళ్ళో పిలిచే పేరు, తండ్రి పేరు, ఇంట్లో ఉన్న అన్ని ఫోన్ నంబర్లు, ఒక్కో నంబర్ ఎవరిది, ఇంటి గుర్తు, జీపీఎస్. ఆ తర్వాత అసలైనది: ఈ ఇంట్లో ఉండని ముగ్గురి పేర్లు, ఊళ్ళు, నంబర్లు. పుట్టింటి వాళ్ళు ఒకరు, ఈ ఊళ్ళోనే ఉండే దాయాది ఒకరు, కూలికి తీసుకెళ్ళే మేస్త్రీ లేదా పొదుపు సంఘం లీడరు ఒకరు. కుటుంబం ఊరు విడిచిపోయినా అత్తగారి వైపు వాళ్ళకి వాళ్ళ జాడ తెలుస్తుంది. అప్పు ఉన్నచోట మాత్రం జాగ్రత్త. బాకీ వసూలుకి వచ్చారనుకుంటే ఎవరూ నంబర్ ఇవ్వరు, మీరు అడగడం వల్ల ఆ కుటుంబానికి ఇబ్బంది కూడా.

నంబర్ తీసుకున్న వెంటనే అక్కడే ఒక మిస్డ్ కాల్ ఇచ్చి చూడండి. ఆరు నెలలకోసారి ఫోన్ చేసి బాగున్నారా అని పలకరించండి. సిమ్‌లు మారిపోతుంటాయి, రెండేళ్ళు ఆగితే సగం నంబర్లు మూగబోతాయనుకోండి.

ఈ పేజీ జవాబుల ఫైల్‌తో కలవకూడదు. వేరే ఫైల్, వేరే పాస్‌వర్డ్, ఇంటి నంబర్ మాత్రమే రెండింటినీ కలుపుతుంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా ఇది మన బాధ్యతే. ఒకరి అప్పుల వివరం ఊళ్ళో పొక్కితే ఆ ఇల్లే కాదు, ఆ వీధి వీధంతా రెండోసారి తలుపు తీయదు.

7. గడప దగ్గర

"ఈ సర్వే చేస్తే మాకేమొస్తుంది?" అని అడుగుతారు. ఏమీ రాదని నిజం చెప్పండి. పథకం వస్తుందన్న ఆశ పెట్టినా, కార్డు పోతుందన్న భయం పోగొట్టకపోయినా జవాబులు వంకర పోతాయి. ఆవులు దాచేస్తారు, పొలం తక్కువ చేసి చెప్తారు. మళ్ళీ వస్తామని, ఎన్నిసార్లు వస్తామని, ఏ రౌండ్‌లోనైనా వద్దనే హక్కు వాళ్ళకుందని మొదటి రోజే చెప్పాలి. ప్రతి రౌండ్‌లో సమ్మతి కొత్తగా అడగాలి.

పాడి పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళ చేతి మీద జరుగుతుంది, కాబట్టి జవాబు చెప్పాల్సింది వాళ్ళు. పాలు పిండి కేంద్రానికి పోయి వచ్చే ముందు, వంట వేళ వెళ్ళకండి. మహిళా ఇన్వెస్టిగేటర్లు తప్పనిసరి. వీలైతే రెండో రౌండ్‌కి అదే మనిషిని అదే ఇంటికి పంపండి, గుర్తుపట్టి కూర్చోబెడతారు. మొదటిసారి ఎవరు జవాబు చెప్పారో రాసుకుని రెండోసారి వాళ్ళనే అడగండి. భార్య చెప్పిన అప్పు, భర్త చెప్పిన అప్పు ఒకటి కాకపోవడం సహజం.

కాగితం మీద కాకుండా కోబో, ఓడీకే, సీఎస్‌ప్రో లాంటి ఉచిత యాప్‌లలో నింపించండి. నూటికి పది ఇళ్ళకి సూపర్‌వైజర్ మళ్ళీ వెళ్ళి నాలుగైదు ప్రశ్నలు అడిగి సరిచూడాలి.

8. రెండో రౌండ్

పాత జవాబులు కొన్ని ట్యాబ్‌లో ముందే ఎక్కించుకుని వెళ్ళండి. ఇంట్లో మనుషుల పేర్లు, వయసులు, పశువుల జాబితా లాంటివి చూపించి "పోయినసారి రెండు పాడావులు, ఒక పెయ్య అన్నారు, ఇప్పుడవి ఏమయ్యాయి?" అని అడిగితే అమ్మిన సంగతి, చచ్చిపోయిన సంగతి బయటికొస్తుంది. ఆదాయం, అభిప్రాయం లాంటి వాటికి మాత్రం పాత జవాబు చూపించకండి. "ఆ, అదే వేసుకో నాయనా" అంటారు, పని అయిపోతుంది, మార్పు మాయమవుతుంది.

పాత జవాబు లేకుండా "గడిచిన రెండేళ్ళలో ఏ నెలలో ఏ పని చేశారు" అని అడిగితే ఇంకో చిక్కు. మార్పులన్నీ రెండు రౌండ్లు కలిసే అతుకు దగ్గరే గుంపుగా కనపడతాయి. మొదటి రౌండ్ చివరి నెలలో ఏ పని చెప్పారో గుర్తు చేసి అక్కడి నుంచి ముందుకి నడిపించండి.

అడగ్గా అడగ్గా మనుషులు మారతారు. ఆవులున్నాయి అంటే ఇరవై ప్రశ్నలు వెనకే వస్తాయని తెలిసి ఈసారి లేవనేవాళ్ళుంటారు. పొదుపు గురించి మీరడిగారు కాబట్టి పొదుపు మొదలుపెట్టే వాళ్ళూ ఉంటారు. 1940 అమెరికా ఎన్నికల్లో ఒహాయో రాష్ట్రం ఈరీ కౌంటీలో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం 600 మందిని నెలనెలా అడుగుతూ పోయింది. అలా పదే పదే అడగడం వల్లే జవాబులు మారుతున్నాయేమో చూడడానికి 600 చొప్పున ఇంకో మూడు గుంపులు పెట్టుకుని, ఒక్కో గుంపుని ఒక్కసారే మళ్ళీ అడిగింది. మీరు కూడా రెండో రౌండ్‌లో అవే ఊళ్ళ నుంచి యాభై, అరవై కొత్త ఇళ్ళని కలుపుకుంటే ఈ తేడా కొంతవరకు పట్టుకోవచ్చు.

ఇక జారిపోయిన ఇళ్ళు. "ఆయప్ప బెంగళూరులో ఉండాడు, ఎప్పుడొస్తాడో తెలీదు" అంటారు పక్కింటి వాళ్ళు. అక్కడితో ఆపేసి "దొరకలేదు" అని రాయడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద నష్టం. టాంజానియాలో కగేరా ప్రాంతంలో 1991-94లో అడిగిన కుటుంబాల మనుషుల్ని 2004లో ఎక్కడున్నా వెతికి పట్టుకున్నారు. ఊరు విడిచి వెళ్ళినవాళ్ళ వినియోగం, ఉండిపోయిన వాళ్ళ కంటే 36 శాతం పాయింట్లు ఎక్కువగా పెరిగిందని తేలింది. ఉన్నవాళ్ళని మాత్రమే అడిగి ఉంటే ఆ కథలో సగం రాకుండానే పోయేది. మన పడమటి మండలాల నుంచి బెంగళూరు, తూర్పు మండలాల నుంచి చెన్నై ఒక్కపూట ప్రయాణం. బడ్జెట్‌లో వెతుకులాటకి విడిగా డబ్బు పెట్టండి. మనుషులు ఎక్కువమంది పోయి ఉంటే, అందులో చీటీ తీసి కొందరినే గట్టిగా వెతికి, లెక్కలో వాళ్ళకి ఆ మేరకు ఎక్కువ వెయిట్ ఇవ్వండి, అంటే ఒక్కొక్కరినీ దొరకని ఇంకొందరి తరఫున కూడా లెక్కించండి.

దొరకనివాటికి కారణం విడివిడిగా కోడ్ చేయండి: ఇల్లు మారారు, తాళం, వద్దన్నారు, చనిపోయారు. ఇవి నాలుగు వేర్వేరు సంగతులు.

9. లెక్క చేయడం

విశ్లేషణకి ముందు ఒకరోజు కూర్చుని పొంతన లేనివి ఏరండి. రెండేళ్ళలో వయసు తగ్గినవాళ్ళు, ఆడ మగ తారుమారైన వాళ్ళు, చదువు వెనక్కి పోయిన వాళ్ళు. తండ్రీ కొడుకుల నంబర్లు తారుమారవడం తరచూ కనపడుతుంది. సరిచేసింది ఏదైనా పాత విలువని చెరపకుండా పక్క కాలమ్‌లో రాయండి. డేటాని ఒక ఇల్లు, ఒక రౌండ్‌కి ఒక వరుస చొప్పున పొడుగ్గా పేర్చుకోండి. లెక్కల సాఫ్ట్‌వేర్లైన స్టాటాలో ఎక్స్‌టీసెట్, ఆర్‌లో పీఎల్ఎమ్ ఈ రూపాన్నే అడుగుతాయి.

తర్వాత, పోయినవాళ్ళెవరో చూడండి. రెండో రౌండ్‌లో దొరికిన ఇళ్ళనీ, దొరకని ఇళ్ళనీ మొదటి రౌండ్ లక్షణాల మీద పోల్చండి: పొలం, అప్పు, కులం, ఇంట్లో యువకుల సంఖ్య. సొంత పొలం లేని ఇళ్ళే ఎక్కువ జారిపోయాయని తేలితే, దొరికే అవకాశాన్ని లాజిస్టిక్ మోడల్‌తో (అవునా కాదా అనే ఫలితాల అవకాశాన్ని అంచనా వేసే పద్ధతి) అంచనా వేసి, దాని విలోమాన్ని, అంటే 1ని దానితో భాగిస్తే వచ్చే అంకెని, వెయిట్‌గా వాడండి. మొదట్లో చెప్పిన మిషిగన్ ప్యానెల్ 1989 నాటికి మొదటి శాంపిల్‌లో దాదాపు సగాన్ని పోగొట్టుకుంది, అయినా దాన్ని పరీక్షించిన ఆర్థికవేత్తలు ఫలితాలు పెద్దగా వంకరపోలేదని 1998లో చూపించారు. మీదీ అలాగే ఉంటుందని అనుకోవద్దు, పరీక్షించి రాయండి.

అప్పుడు మార్పిడి పట్టిక. మొదటి రౌండ్‌లో ఉన్న, లేని ఇళ్ళు అడ్డంగా, రెండో రౌండ్‌వి నిలువుగా. మొదట్లో చెప్పిన ఊహా లెక్కలో 140, 60, 60, 140 వస్తాయి. దీన్ని చూసి ఉత్సాహపడే ముందు ఒక లెక్క వేయండి. అసలు ఎవరూ మారలేదు, కానీ ప్రతి రౌండ్‌లో నూటికి 5 జవాబులు తప్పుగా పడ్డాయనుకుందాం. 400 ఇళ్ళలో 38 మారినట్టు కనిపిస్తాయి. అంటే 120లో కొంత భాగం కేవలం రాతలో దొర్లిన తప్పే కావొచ్చు. పేదరికం గీత దాటిన, జారిన వాళ్ళ లెక్కలో ఇది ఇంకా ఎక్కువ. మొదటి రౌండ్‌లో మరీ తక్కువ ఆదాయం చెప్పినవాళ్ళు రెండోసారి పైకి లేచినట్టు కనపడటంలో, ఆ నెల బాగోలేకపోవడం, తప్పుగా చెప్పడం రెండూ కలిసి ఉంటాయి. అందుకే రెండు రౌండ్లతో "పేదలు వేగంగా ఎదుగుతున్నారు" అని రాయకండి, మూడో రౌండ్ దాకా ఆగండి. రూపాయల లెక్క ఏదైనా గ్రామీణ ధరల సూచీతో సరిచేశాకే పోల్చండి.

కారణాల జోలికి వెళ్ళినప్పుడు ప్యానెల్ అసలు బలం తెలుస్తుంది. పొదుపు సంఘం లోన్ తీసుకున్న ఇళ్ళలో పాలు ఎక్కువ. లోన్ వల్లా, లేక కష్టపడే ఇళ్ళే లోన్ తీసుకున్నాయా? ఒకే రౌండ్‌తో తేల్చలేరు. ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పద్ధతిలో ప్రతి ఇంటినీ దానితోనే పోలుస్తారు: లోన్ లేని రౌండ్‌లో ఎన్ని లీటర్లు, ఉన్న రౌండ్‌లో ఎన్ని. భూమి గుణం, కులం, ఇంటావిడ చురుకుదనం లాంటి మారనివన్నీ తీసివేతలో పోతాయి. మారేవి మాత్రం పోవు. లోన్ వచ్చిన ఏడాదే ఇంట్లోకి కోడలొచ్చి ఇంకో జత చేతులు కలిస్తే ఆ ఫలితం లోన్ ఖాతాలో పడుతుంది, కాబట్టి ఇంటి మనుషుల సంఖ్య మోడల్‌లో పెట్టాలి. కులం లాంటి మారని వాటి ప్రభావమే కావాలంటే ఆర్థికవేత్త ముండ్లాక్ 1978లో చూపిన దారి ఉంది: ఇళ్ళ మధ్య తేడాల్ని కూడా వాడుకునే ర్యాండమ్ ఎఫెక్ట్స్ మోడల్‌లోనే ప్రతి ఇంటి సగటుల్ని కూడా చేర్చడం. స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనా ఎంత అటూ ఇటూ కావొచ్చో చెప్పే అంకెలు) ఊరి స్థాయిలో గుంపు చేయండి, లేకపోతే లేని ఖచ్చితత్వం కనపడుతుంది.

10. తర్వాతి రౌండ్ లోపు

ప్రతి రౌండ్ ముగిసిన నెలలోపే ప్రశ్నావళి, కోడ్ల పుస్తకం, వెంబడించే నియమాలు, మార్చిన ప్రతి జవాబుకీ కారణం అన్నీ ఒకచోట పెట్టండి. ఆ ఇన్వెస్టిగేటర్లు ఉద్యోగాలు మారిపోయాక అడగడానికి ఎవరూ ఉండరు. వేరేవాళ్ళకిచ్చే కాపీలో పేర్లు, ఫోన్లు, జీపీఎస్ తీసేయండి. ఊరికి 10 ఇళ్ళే ఉన్నచోట ఊరి పేరు కూడా తీసేయాలి.

ఫలితాల్ని తెలుగులో ఒక పేజీకి కుదించి ఊళ్ళకి తీసుకెళ్ళండి. మండలం మొత్తం లెక్కలే చెప్పండి, ఊరి లెక్క చెప్తే ఎవరి సంగతో ఇట్టే పట్టేస్తారు. పాల కేంద్రం దగ్గర పొద్దున్నే పది మంది ఉంటారు, అక్కడ చదివి వినిపించి ప్రశ్నలు అడగనివ్వండి. అక్కడున్న వాళ్ళ దగ్గరే ఫోన్ నంబర్లు మారాయేమో సరిచూసుకుని, పోయినసారి తాళం వేసి ఉన్న ఇళ్ళ వాళ్ళు తిరిగొచ్చారేమో కనుక్కుని రండి.